ఇరవైమూడు గంటలు

రేపల్లె,
6 జూన్ 2023.

చిరంజీవి జ్ఞానానందానికి, నీ అక్క మాణిక్యమ్మ రాస్తున్నది.

నీ ఉత్తరమూ, దానితో పంపిన బంగారు అంచు కార్డూ అందాయి. ఎముకల డాక్టరుగా నలభై ఏళ్ళు నిండుతున్నందుకు వచ్చే ఫిబ్రవరిలో తెనాలిలో నీకు సన్మానం చేస్తారట. సంచిక ఒకటి అచ్చు వేస్తారట. పుట్టుకతో వంకరగా ఉన్న పాదాలను నువ్వు సరిచేయడం మా స్వర్ణలతతోనే మొదలైంది కనుక, మొదటి పేజీకి దాని చిన్ననాటి ఫొటో కావాలట. ఫొటో బీరువాలో ఉంది. పంపను.

ఆ ఫొటోలో ఏడాదిన్నర పిల్ల తెల్లబూట్లు తొడుక్కుని బల్ల మీద నిటారుగా నిలబడి ఉంది. చూసినవాళ్ళు నీకు దండ వేస్తారు. ఆ తర్వాత ముప్పై అయిదేళ్ళూ ఆ బూట్ల లోపల ఏం జరిగిందో ఫొటోలో కనపడదు. నువ్వు కోసి కుట్టిన పాదాలు తిన్నగానే ఉన్నాయి, చెక్కతో చేసినట్టు. మడమ వంగదు. తోటి పిల్లలు ఇసుకలో గొంతుక్కూర్చుని గవ్వలు ఆడుతుంటే నా కూతురు నిలబడి చూసేది. ఈనాటికీ చర్చిలో ప్రభు భోజనానికి మోకరిస్తే, పక్కవాళ్ళ భుజం పట్టుకోనిదే లేవలేదు. నలభై ఏళ్ళ అనుభవం గల సర్జనువి, ఒక్కసారైనా దాన్ని గొంతుక్కూర్చోమని అడిగావా? నాన్న జ్ఞాపకార్థ కూడికకు వచ్చి అన్నం కూడా తినకుండా కారెక్కి పోయినవాడివి, నీకు అడిగే తీరిక ఎక్కడిదిలే.

ఇక అసలు సంగతి. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు స్వర్ణ మే 26న ఇక్కడ రేపల్లెలో కనింది. ఆడపిల్ల. రెండు కిలోల తొమ్మిది వందలు. రెండు పాదాలూ లోపలికి తిరిగి, అరికాళ్ళు ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. తల్లి కాళ్ళే.

స్వర్ణ ఒకే మాట అంది. "నా బిడ్డ కాళ్ళ మీద ఎవరూ కత్తి పెట్టడానికి వీల్లేదు. మావయ్య అసలు వద్దు." అల్లుడు అజయ్ బాబు బాపట్ల కాలేజీలో గుమస్తా, నెమ్మదస్థుడు, పెళ్ళాం మాటకు ఎదురు చెప్పడు. పక్కనున్న నగరం అనే ఊరి నుంచి పున్నమ్మ అనే ఆవిడ రోజూ వచ్చి నూనె రాసి పామి పోతోంది. ఆరు నెలల్లో కాళ్ళు వాటంతట అవే తిరుగుతాయని ఆవిడ నమ్మకం. ఆవిడ నమ్మకాన్నీ నీ బంగారు అంచు కార్డునూ ఒకే దారానికి గుచ్చాలని ఉంది నాకు.

అయినా అడుగుతున్నాను. ఈ పిల్లకు ఇప్పుడు నువ్వేం చేస్తావు? ఫోను చేయకు. ఫోనులో అన్నమాటను మర్నాడు అనలేదనడం నీకు తెలుసు. కాగితం మీద రాయి. ముప్పై మూడేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. దారి చూపకుండా జవాబు మాత్రం వేసిన కాగితానికి నేనెప్పుడూ మార్కులు ఇవ్వలేదు.

మాణిక్యమ్మ


తెనాలి,
9 జూన్ 2023.

అక్కయ్యకు వందనాలు.

మనవరాలు పుట్టినందుకు సంతోషం. నీ కోపానికి జవాబు రాయను, అడిగినదానికి రాస్తాను.

పాపకు ఆపరేషను చేయను. పాదాన్ని చేత్తో కొంచెం కొంచెంగా బయటికి తిప్పుతూ, తొడ దాకా పిండికట్టు వేస్తాను. వారానికొకసారి విప్పి, ఇంకొంచెం తిప్పి, మళ్ళీ కడతాను. ఆరు వారాలు పడుతుంది. చివరి వారం మడమ వెనక బిగిసిన నరాన్ని మత్తు చుక్క వేసి చిన్న గాటుతో వదులు చేస్తాను. కుట్లుండవు, ఆ చివరి కట్టు మాత్రం మూడు వారాలు ఉంచుతాను. ఆ గాటు కత్తి కాదని నేను అబద్ధమాడను, స్వర్ణకు ఆ మాట ముందే చెప్పు.

తర్వాత బూట్లు. రెండు బూట్లనూ కలుపుతూ మధ్యలో ఒక కడ్డీ ఉంటుంది, పాదాలను బయటికి తిప్పి పట్టి ఉంచుతుంది. మొదటి మూడు నెలలు రోజుకు ఇరవైమూడు గంటలు తొడగాలి. స్నానానికీ ఆటకూ ఒక్క గంట సెలవు. ఆ తర్వాత నాలుగేళ్ళు వచ్చేదాకా నిద్రలో మాత్రం. నేను కట్టే కట్టు సగం వైద్యం. మిగతా సగం ఆ బూట్లు. తీసేస్తే పాదం పాత దారి పడుతుంది.

ఇరవై ఏళ్ళుగా ఇలాగే చేస్తున్నాను. పదిహేను వందల మంది పిల్లలు నడుస్తున్నారు, పరుగెత్తుతున్నారు. ఎంత త్వరగా తీసుకొస్తే అంత మేలు. ఎముక ఇప్పుడు మైనంలా ఉంటుంది.

నీ తమ్ముడు,
జ్ఞానానందం


రేపల్లె,
14 జూన్ 2023.

జ్ఞానానందానికి,

జవాబు చదివాను. దారి చూపించావు, సగం మార్కులు వేస్తున్నాను. మిగతా సగం ఎందుకు వేయలేదంటే, ఇరవై ఏళ్ళుగా ఇలా చేస్తున్నానన్నావు. నువ్వు డాక్టరువై ముప్పై తొమ్మిదేళ్ళు. మొదటి పంతొమ్మిదేళ్ళూ ఏమయ్యాయి? కోయడమే గొప్ప అనుకున్నవాడివి ఒకరోజు పొద్దున్నే లేచి పిండి కలపడం ఎందుకు మొదలుపెట్టావు? నీ ఉత్తరం ఆ చోట గడప దాటినట్టు దాటేసింది. నడుస్తున్న పదిహేను వందల మందిని లెక్కపెట్టగలిగినవాడివి, కోసినవాళ్ళెందరో చెప్పలేదు.

సరే. పిల్ల పాదాలు నీ జవాబు కోసం ఆగవు.

స్వర్ణను ఒప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. నీ ఉత్తరం చదివి వినిపించాను. గాటు దగ్గర లేచి వెళ్ళిపోయింది. రెండోసారి చదివితే చివరిదాకా కూర్చుంది. "మావయ్య మాట మీద ఒప్పుకోవడం లేదమ్మా, నీ మాట మీద ఒప్పుకుంటున్నాను. రోజూ నువ్వే చూస్తానంటేనే," అంది. చూస్తానన్నాను. సెప్టెంబరు ఒకటికి అది పనిచేసే బాపట్ల బడివాళ్ళు రమ్మంటున్నారు. పిల్ల నా దగ్గరే ఉంటుంది. స్వర్ణ శనివారం సాయంత్రం బాపట్ల నుంచి వచ్చి ఆదివారం సాయంత్రం వెళుతుంది.

పున్నమ్మను మానిపించాను. వెళుతూ నన్ను రాతి గుండెదాన్నంది. ఎవరో ఒకరు రాయిలా ఉండకపోతే ఈ ఇంట్లో ఏ పనీ జరగదు.

ఒక నోటుపుస్తకం గీతలు గీసి పెట్టాను. తేదీ, బూట్లు తొడిగిన గంటలు, సంతకం. ఈసారి ఏదైనా చెడితే తప్పు ఎవరిదో ఆ పుస్తకం చెపుతుంది. నా వైపు ఉండదు.

మంగళవారం 20న ఉదయం రైలుకు వస్తున్నాం. నీ ముందు స్వర్ణ మాట్లాడకపోతే నువ్వు మాట్లాడించబోకు.

మాణిక్యమ్మ


తెనాలి,
18 ఆగస్టు 2023.

అక్కయ్యకు,

ఆరు కట్లకూ ఒక్క మంగళవారం కూడా తప్పకుండా తెచ్చావు. మొన్న ఆగస్టు పదిహేనున చివరి కట్టు విప్పేటప్పటికి పాదాలు రెండూ చక్కగా ఉన్నాయి. మా లాజరు ఇరవై ఏళ్ళుగా ఈ కట్లు కడుతున్నాడు, ఇంత మెత్తగా వంగిన పాదాలు ఈ మధ్య చూడలేదన్నాడు. నువ్వు అతన్ని పిండి పలచగా కలిపాడని అందరి ముందూ నిలదీసిన సంగతి అతను మనసులో పెట్టుకోలేదు. నీ దగ్గర ఏడో తరగతి చదివాడట. అప్పటికంటే ఇప్పుడే నయమన్నాడు.

ఒక్కటే చెపుతాను. బూట్లు తొడిగిన మొదటి వారాలు పాప ఏడుస్తుంది. ఏడుపు విని తీయకు. మడమ దగ్గర ఎర్రబడితే మాత్రం ఆలస్యం చేయకుండా ఫోను చెయ్యి. ఉత్తరం వద్దు. లాజరు లోపల మెత్త అతికించి ఇస్తాడు, పది నిమిషాల పని.

మూడు నెలలకు, నవంబరు 14న, మళ్ళీ చూస్తాను.

జ్ఞానానందం


రేపల్లె,
20 అక్టోబరు 2023.

జ్ఞానానందానికి,

ఫోను ఊసు ఎత్తవద్దన్నాను. నీకు చెప్పవలసింది ఏమైనా ఉంటే ఇలాగే చెపుతాను.

పుస్తకం నా ముందుంది. ఆగస్టు 15 నుంచి నిన్నటిదాకా అరవై ఆరు రోజులు. రోజుకు ఇరవైమూడు చొప్పున పదిహేను వందల పద్ధెనిమిది గంటలు. ఒక్క గడి ఖాళీ లేదు. నీ ఆసుపత్రి వరండాలో కూర్చునే తల్లులను చూశాను. ఒకావిడ చుట్టాలు వచ్చారని బూట్లు తీసిందట. ఇంకొకావిడ బిడ్డ ఏడ్చిందని తీసిందట. మరొకావిడకు బూట్లు ఏ ఊళ్ళో మరిచిపోయిందో కూడా జ్ఞాపకం లేదు. కొల్లిపర నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకడు బూట్లు కుడిఎడమలుగా తొడిగి తెచ్చి, పాదం తిరగలేదని నీతోనే పోట్లాడాడు. వీళ్ళందరి చేతికీ సగం వైద్యం అప్పగించి కూర్చున్నావు. నువ్వు కోసిన రోజుల్లో తప్పంతా నీ ఒక్కడిదే. ఇప్పుడు పంచిపెడుతున్నావు.

నీ సంచికవాళ్ళు ఫొటో కోసం మళ్ళీ మనిషిని పంపారు. గడప బయటినుంచే పంపేశాను.

ఈ నెల 8న, ఆదివారం, పాపకు బాప్తిస్మం అయింది. సింధు అని పేరు పెట్టాం. నీకు కబురు చేశాను, మద్రాసులో మీటింగన్నావు. మీటింగులు నీకు ఎప్పుడూ సమయానికి దొరుకుతాయి. చర్చి నిండా జనం. స్వర్ణ చిన్నప్పుడు దాని కాళ్ళ వంక చూసి నోరు నొక్కుకున్న వాళ్ళలో బతికున్నవాళ్ళంతా వచ్చారు. తెల్ల గౌను, పాదాలకు వెండి పట్టీలు. ఆరాధన మొదలైంది మొదలు భోజనాలు ముగిసేదాకా చేతులు మారుతూనే ఉంది. పట్టుకున్న ప్రతివాళ్ళూ పాదాలు తిప్పి చూశారు. ఒక్కరికి ఒక్క వంక దొరకలేదు. ముప్పై ఏడేళ్ళ తర్వాత ఆ మనుషుల ముఖాలు చూడవలసిన విధంగా చూశాను.

నవంబరు 14న వస్తాం.

మాణిక్యమ్మ


తెనాలి,
17 నవంబరు 2023.

అక్కయ్యకు,

మొన్న ఆసుపత్రిలో చెప్పకుండా దాచినది ఇప్పుడు రాస్తున్నాను. స్వర్ణ ఎదురుగా ఉంది కనుక దాచాను.

కుడి పాదం వెనక్కి తిరుగుతోంది. మడమ మళ్ళీ బిగిసింది. నువ్వు పుస్తకం బల్ల మీద పెట్టి, "చూసుకో, ఒక్క గంట తగ్గలేదు," అన్నావు. స్వర్ణ నా ముఖం వైపు చూసింది. "ఒక్కొక్కసారి తిరగబెడుతుందమ్మా, మళ్ళీ నాలుగు కట్లు వేద్దాం," అన్నాను. అది పాపను ఎత్తుకుని లేచింది. నాతో ఇరవై ఏళ్ళకు మాట్లాడిన మొదటి మాట ఇదీ. "తిరగబెట్టింది కాలు కాదు మావయ్యా. మీరు." కట్టు వేయించుకోకుండా వెళ్ళిపోయింది. పాపను తనతో బాపట్ల తీసుకుపోయిందని విన్నాను. నిన్న అజయ్ బాబు ఫోను చేసి, ఇంక వైద్యం ఏమీ వద్దంటోందండి అని చెప్పాడు. ఈ నాలుగైదు వారాలు దాటితే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టవలసి వస్తుంది. ఇంకా ఆలస్యమైతే చివరికి కోయడమే మిగులుతుంది. అది నాకు భయం.

అక్కా, అక్టోబరు 8వ తేదీ గడిలో నువ్వు ఇరవైమూడు అని రాశావు. నీ ఉత్తరంలో ఆ రోజే ఆరాధన మొదలు భోజనాల దాకా పాప కాళ్ళకు పట్టీలున్నాయి. బూట్లలోకి పట్టీలు పోవు. ఆ పాదాలను ప్రతివాళ్ళూ తిప్పి చూశారు. బూట్లు ఉంటే చూడడానికి వీలుండదు. ఆ ఒక్క రోజే అయితే కుడి పాదం ఇంత తిరగదు. మడమ మీద మానిన పుండు మచ్చ ఉంది. ఎన్ని రోజులో నువ్వే చెప్పాలి.

నీకు కోపం వస్తుంది. నన్ను తిట్టేముందు నా గడి కూడా చూడు.

స్వర్ణకు నాలుగేళ్ళప్పుడు, 1991లో, డాక్టర్ల సభలో నేను ఒక వ్యాసం చదివాను. నేను కోసిన నలభై పాదాల ఫలితాలు. స్వర్ణ పాదాలకు ఎదురుగా "చాలా బాగున్నాయి" అని రాశాను. దేన్ని చూసి రాశాను? నువ్వు దాచిన ఆ ఫొటోను చూసి. అప్పటికే అది నేల మీద గొంతుక్కూర్చోలేకపోతోందని నువ్వు ఉత్తరం రాశావు, నాకు అందింది. చప్పట్లు కొట్టారు. ఆ వ్యాసం మీద నాకు పేరు వచ్చింది. ఆ పేరు మీద మరో పన్నెండేళ్ళు కోశాను.

నాన్న జ్ఞాపకార్థ కూడికలో స్వర్ణకు పదహారేళ్ళు. నా పక్కనే మోకరించింది. లేవడానికి నా భుజం మీద చేయి వేసింది. ఆ బరువు ఎంతో నాకు తెలిసింది. నేను అన్నం తినకుండా కారెక్కింది పొగరుతో కాదు. ఆ ఏడే కోయడం ఆపి, పిండికట్టు నేర్చుకోవడానికి వెళ్ళాను. నా వయసుకు సగమున్న కుర్ర డాక్టరు పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఎందుకు మారానని జూన్‌లో అడిగావు. ఇదీ దారి. ఇన్నేళ్ళు చెప్పలేదు, చెపితే 1991 కూడా చెప్పాలి కనుక.

స్వర్ణ తప్పు నాదే అనుకుంటోంది. అలాగే అనుకోనీ, నాకు అలవాటే. కాని అలా అనుకున్నంతకాలం అది పాపను నా దగ్గరికి తేదు. ఏం చేద్దామంటావు?

జ్ఞానానందం


బాపట్ల,
26 నవంబరు 2023.

జ్ఞానానందానికి,

నా తప్పు నెత్తిన పెట్టుకోమని నిన్నెవరు అడిగారు? నీకు ఆరేళ్ళప్పుడు లాంతరు చిమ్నీ పగలగొట్టింది నేనైతే, నేనేనని నువ్వు ముందుకు వచ్చి నాన్న చేత దెబ్బలు తిన్నావు. అప్పుడూ నాకు అసహ్యం వేసింది. మంచితనం చూపించుకోవడానికి సమయం సందర్భం చూసుకోవు. పిల్ల కాలు తిరిగిపోతుంటే, స్వర్ణ ముందు తప్పు నీ మీద వేసుకుని ఊరుకున్నావు. అది నమ్మింది. నీ త్యాగం వల్ల వైద్యం ఆగిపోయింది. డాక్టరువేనా?

నిన్న ఒంటిగంట బస్సుకు బాపట్ల వచ్చాను. స్వర్ణ పెరట్లో కుళాయి దగ్గర ఎత్తుపీట వేసుకుని గిన్నెలు తోముతోంది. పక్క ఇళ్ళ ఆడవాళ్ళంతా గొంతుక్కూర్చుని తోముకుంటారు. నా కూతురికి ఏ ఊళ్ళో కాపురం పెట్టినా ఆ పీట వెంట ఉండాలి.

నిలబడే చెప్పాను. పుస్తకం అబద్ధమని చెప్పాను. అక్టోబరు 8 ఉదయం ఎనిమిదింటికి, ఒక్క గంటేగా అని దానితో చెప్పి, బూట్లు తీశాను. అది సాయంత్రం బస్సెక్కాక మళ్ళీ తొడగబోతే పట్టీల ఒరిపిడికి పిల్ల మడమ బొబ్బెక్కి ఉంది. తొడగగానే కెవ్వుమంది. నీకు ఫోను చేస్తే పది నిమిషాల పని. ఫోను వద్దని నీకు రాసింది నేనే కనుక చేయలేదు. పంతొమ్మిదో తేదీ దాకా పన్నెండు రోజులు. మధ్యలో శనివారం స్వర్ణ వచ్చే వేళకు గుడ్డ చుట్టి తొడిగాను, అది వెళ్ళగానే తీశాను. ఆ పన్నెండు రోజులకూ పుస్తకంలో రెండు వందల డెబ్బై ఆరు గంటలు రాశాను. తొడిగినవి అరవై ఒకటి. రోజూ సంతకం పెట్టాను.

స్వర్ణ గిన్నె కింద పెట్టలేదు.

"అంటే మావయ్య తప్పు కాదా?"

"కాదు."

"మరెందుకు తీశావు?"

"ఏడుపు వినలేక."

"నేనూ ఏడ్చానుగా అమ్మా. కోసి కుట్టాక మూడు నెలలు కట్టులో పడి ఏడ్చానని నువ్వే చెపుతావుగా. అప్పుడెలా విన్నావు?"

"విన్నాను కనకే," అన్నాను. "అప్పుడు విని ఊరుకున్నాను. ఈసారి ఊరుకోలేకపోయాను."

అది నా ముఖంలోకి చూసి, నేను క్లాసులో మొద్దు పిల్లలతో మాట్లాడే గొంతుతో అంది. "ఆపాల్సినప్పుడు ఆపలేదు. ఆపకూడనప్పుడు ఆపావు. ఏంటమ్మా నువ్వు నేర్పిన లెక్కలు?"

ముప్పై మూడేళ్ళలో నాకు ఎవరూ అంత తక్కువ మార్కులు వేయలేదు. తీసుకున్నాను. పట్టీల సంగతి నేను మళ్ళీ చెప్పలేదు, అది అడగలేదు. బాప్తిస్మం రోజున ఆ ముఖాల కోసమే తీశానని దానికి తెలుసు. కూతురు కదా.

చాలాసేపు నీళ్ళు పోతూనే ఉన్నాయి. అజయ్ బాబు వచ్చి కుళాయి కట్టేశాడు. "మంగళవారం తెనాలికి పొద్దున్న ఏ బండికి వెళదామండీ?" అని అడిగాడు, అత్తగారినో భార్యనో తెలియకుండా. మాట్లాడని మనుషులు ఇందుకు పనికొస్తారు. స్వర్ణ బండి పేరు చెప్పింది. అంతే.

కనుక 28న వస్తారు. నేను రాను. పాప ఇకమీద బాపట్లలోనే ఉంటుంది, స్వర్ణ బడికి సెలవు పెట్టింది. పుస్తకం దాని చేతికిచ్చాను. ఇచ్చేముందు ఆ పన్నెండు గడులూ ఎర్ర సిరాతో కొట్టి అసలు గంటలు వేశాను. అక్టోబరు 19 దాకా మొత్తం పదిహేను వందల పద్ధెనిమిది కాదు, పదమూడు వందల మూడు.

నాది దిద్దాను. ఇక నీది. 1991 నుంచి నీ గడి అలాగే ఉంది. నాకు ఉత్తరంలో చెప్పుకుంటే దిద్దినట్టు కాదు. చప్పట్లు నలుగురిలో కొట్టించుకున్నావు. సంచిక వేస్తున్నారుగా, మొదటి పేజీ ఖాళీగానే ఉందిగా.

మాణిక్యమ్మ


తెనాలి,
20 జనవరి 2024.

అక్కయ్యకు,

నాలుగు కట్లూ అయ్యాయి. మళ్ళీ గాటు అవసరం పడలేదు. లాజరు మడమ దగ్గర మెత్త వేసిన బూట్లు ఇచ్చాడు. స్వర్ణ నాతో పాదం గురించి మాత్రమే మాట్లాడుతుంది, అది చాలు.

నువ్వు చెప్పిన పని చేశాను. పాత రిజిస్టర్లు అటక మీద నుంచి దింపించాను. 1987 నుంచి 2003 దాకా నేను కోసిన పాదాలు రెండు వందల పన్నెండు. ఉత్తరాలు రాసి, మనుషులను పంపి, యాభై ఎనిమిది మందిని పట్టుకోగలిగాను. ముప్పై తొమ్మిది మందికి రోజూ నొప్పి. గొంతుక్కూర్చోగలిగినవాళ్ళు ఆరుగురు. ఒకాయన చీరాల పేరాలలో మగ్గం నేస్తూ, పాదంతో తొక్కలేక నేత మానేశాడు. "ఇన్నాళ్ళకు అడగడానికి వచ్చారా సార్," అన్నాడు, కుర్చీ వేసి.

ఇవన్నీ మొదటి పేజీకి రాసిచ్చాను. సన్మాన సంఘం అధ్యక్షుడు నరసింహారావు గారు మంచివాడు, చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "దండ వేసే చోట ఇవన్నీ ఎందుకండీ డాక్టరు గారూ," అన్నాడు. ఈ పేజీ లేకపోతే దండ కూడా వద్దండీ అన్నాను. రెండు రోజులు ఆలోచించుకుని ఒప్పుకున్నారు.

ఫొటో నీ బీరువాలోనే ఉండనీ. మొన్న మంగళవారం స్వర్ణ తనే ఒకటి తెచ్చి ఇచ్చింది, అజయ్ బాబు తీసినది. పెరట్లో ఎత్తుపీట మీద కూర్చుని గిన్నెలు తోముతోంది. చెప్పుల్లేని పాదాలు. "పేరుతో వేయండి మావయ్యా. కింద ఏం రాయాలో మీకు తెలుసు," అంది. ఇలా రాశాను: నేను 1991లో చాలా బాగున్నాయని చెప్పిన పాదాలు ఇవి.

ఫిబ్రవరి 11, ఆదివారం సాయంత్రం సభ. నువ్వు వస్తావా?

జ్ఞానానందం


రేపల్లె,
14 ఫిబ్రవరి 2024.

జ్ఞానానందానికి,

వచ్చాను, చూశావు కదా. మూడో వరుసలో కూర్చున్నాను. నువ్వు ఆ పేజీ చదువుతుంటే ముందు వరుసలోని ఇద్దరు డాక్టర్లు సెల్‌ఫోన్లు చూసుకున్నారు. ఒకాయన చల్లగా లేచి పోయాడు, ఆయన ఇంకా కోస్తున్నాడని లాజరు చెప్పాడు. చప్పట్లు ఎక్కడ కొట్టాలో జనానికి తెలియలేదు. నలభై ఏళ్ళలో నీ సభ ఒకటి నాకు నచ్చింది.

సంచికలో అచ్చుతప్పులు పదకొండు. గుర్తు పెట్టి పంపుతున్నాను. మూడో పేజీలో నిన్ను మహామనిషి అన్నారు. దాన్ని కూడా అచ్చుతప్పుల్లోనే చేర్చాను.

మాణిక్యమ్మ


బాపట్ల,
9 ఫిబ్రవరి 2025.

జ్ఞానానందానికి,

రెండు రోజులుగా ఇక్కడే ఉన్నాను. నీ ఆసుపత్రిని కుర్ర డాక్టరుకు అప్పగించి ఖాళీగా కూర్చోలేక, మంగళవారాలు నువ్వూ లాజరు పక్కన పిండి కలుపుతున్నావని అజయ్ బాబు చెప్పాడు. పలచగా కలపకండి.

నిన్న సాయంత్రం స్వర్ణ కుళాయి దగ్గర పీట మీద కూర్చుని బియ్యం కడుగుతోంది. నేను గుమ్మంలో ఉన్నాను. సింధుకు ఇరవై నెలలు నిండాయి, పెరడంతా దానిదే. గిన్నెలోంచి నాలుగు గింజలు నేల మీద పడ్డాయి. పిల్ల నడుస్తూ వచ్చి, చూసి, ఏ ఆధారమూ పట్టుకోకుండా గొంతుక్కూర్చుంది. రెండు మడమలూ నేలకు ఆనాయి, కుడిది కూడా. నేను వంగి చూసి మరీ రాస్తున్నాను. మోకాళ్ళ మధ్య గడ్డం పెట్టుకుని, ఆ నాలుగు గింజలనూ ఒక్కొక్కటీ రెండు వేళ్ళతో ఏరడం మొదలుపెట్టింది. మూడు ఏరాక లేవబోయింది.

"లేవకే," అంది స్వర్ణ. "ఇంకాసేపు కూర్చో."

పిల్ల తల్లి ముఖం చూసి మళ్ళీ కూర్చుంది. స్వర్ణ గిన్నెలోంచి ఇంకొన్ని గింజలు తీసి నేల మీద వేసింది. అవి అయ్యాక మళ్ళీ వేసింది. బియ్యం అలా పారబోయవద్దని నా నోటిదాకా వచ్చింది. అనలేదు.

ఇప్పుడు బూట్లు నిద్రలో పన్నెండు గంటలు. పుస్తకం స్వర్ణే రాస్తుంది, నేను వచ్చినప్పుడు మాత్రం నా చేతికిస్తుంది. నిన్న ఎనిమిదింటికి తొడగవలసింది. పెరట్లో అలా చూస్తూ కూర్చోవడం వల్ల అన్నాలు ఆలస్యమయ్యాయి, ఎనిమిదిన్నర అయింది. పొద్దున్న ఎప్పటిలాగే ఎనిమిదింటికి విప్పాం.

పదకొండున్నర అని రాశాను. సంతకం పెట్టాను.

మాణిక్యమ్మ